బ్రౌజర్ల పోటీ – మనకు దాంతో పనేమిటి?

(సంఘం వార్షికోత్సవ సభలో ఒక ఉర్దూ మాధ్యమ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



సంక్షేమ సంఘం సభలో బ్రౌజర్ల గురించి ప్రసంగమేమిటని కొందరికి అనిపించవచ్చు. కాని ఈనాడు స్కాలర్‌షిప్పు దరఖాస్తు అయినా, పరీక్షా ఫలితమైనా, రేషన్ కార్డులో పేరు మార్పయినా, చివరికి హజ్ దరఖాస్తు అయినా ఆ ఒక్క ద్వారం గుండానే పోవలసి వస్తున్నది. ఆ ద్వారానికి యజమాని ఎవరు, ఒక్కడా, పదిమందా అన్నది మనకు సంబంధం లేని విషయం కాదని మా మనవి. మేము రోజంతా బడిలో ఉర్దూలో పాఠం చెప్పేవాళ్ళం గనుక మధ్యలో ఉర్దూ మాట దొర్లితే మన్నించగలరు.

ముందు పేర్ల సంగతి తేల్చుకుందాం. మా తరగతిలో "ఇంటర్నెట్టు అంటే ఏమిటిరా?" అని అడిగితే సగం మంది "గూగుల్ సార్" అంటారు. అది కాదు. ఇంటర్నెట్టు రోడ్డు. వెబ్‌సైట్లు ఆ రోడ్డు వెంబడి ఉన్న దుకాణాలు, ఆఫీసులు, బడులు. బ్రౌజరు మనం ఎక్కి వెళ్ళే బండి. గూగుల్ దారి చెప్పే మనిషి. ఆ మనిషికి సొంత బండి కూడా ఉంది, దాని పేరు క్రోమ్. దారి చెప్పేవాడూ బండివాడూ ఒకడే అయినప్పుడు ఏమవుతుందో తర్వాత చూద్దాం. తెలుగులో కొందరు బ్రౌజరుకు 'విహారిణి' అని పేరు పెట్టారు. మాట అందంగానే ఉంది గాని ఎవరి నోటా వినపడదు. మేమూ బ్రౌజరనే అంటాం.

ఈ బండిని మొట్టమొదట చేసినవాడు టిమ్ బెర్నర్స్-లీ అనే ఇంగ్లీషాయన. 1990లో జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధనాలయంలో పనిచేస్తూ వెబ్‌నూ, దాన్ని చూసే బ్రౌజరునూ తయారుచేశాడు. 1993 ఏప్రిల్ 30న ఆ సంస్థ దీన్ని ఎవరైనా పైసా చెల్లించకుండా వాడుకోవచ్చునని రాసి ఇచ్చింది. తర్వాత జరిగిన పోటీ అంతా ఆ కాగితం పుణ్యమే. అదే ఏడు అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మార్క్ ఆండ్రీసన్, ఎరిక్ బీనా అనే ఇద్దరు మొజాయిక్ అనే బ్రౌజరు విడుదల చేశారు. అక్షరాల మధ్యనే బొమ్మ కూడా కనపడడం దాని ప్రత్యేకత. బొమ్మ కనపడేసరికి జనం ఎగబడ్డారు.

ఆండ్రీసన్ 1994లో జిమ్ క్లార్క్ అనే పెట్టుబడిదారుతో కలిసి నెట్‌స్కేప్ కంపెనీ పెట్టాడు. 1995 ఆగస్టు 9న దాని వాటాలు బజారులోకి వచ్చాయి. వాటా ధర 28 డాలర్లుగా పెడితే సాయంత్రానికి 58 డాలర్లు దాటింది. అప్పటికి ఆ కంపెనీకి నిండా ఏడాదిన్నర వయసు లేదు, లాభమూ లేదు. ఇది చూసి మైక్రోసాఫ్ట్ మేలుకొన్నది. బిల్ గేట్స్ 1995 మే నెలలోనే తన అధికారులకు "ఇంటర్నెట్టు ఉప్పెన వస్తున్నది" అనే అర్థంలో ఒక పెద్ద ఉత్తరం రాశాడు. వాళ్ళు స్పైగ్లాస్ అనే కంపెనీ దగ్గర మొజాయిక్ హక్కులు తీసుకుని, ఆగస్టులో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అనే బ్రౌజరు తెచ్చారు.

ఇక చూడండి ముకాబిలా. 1995 నుంచి 1999 వరకు ఆ నాలుగేళ్ళలో పుట్టిన వస్తువులతోనే మనం ఇప్పటికీ కాలక్షేపం చేస్తున్నాం. పేజీ కదలాలి, మనం నొక్కితే బదులు చెప్పాలి అని నెట్‌స్కేపులో బ్రెండన్ ఐక్ అనే ఆయన 1995లో పది రోజుల్లో ఒక చిన్న భాష రాశాడు. అదే జావాస్క్రిప్ట్. పది రోజుల్లో రాసిన భాష కాబట్టి దానిలో వంకరలు చాలా ఉన్నాయి, ప్రోగ్రాములు రాసే పిల్లలు ఈనాటికీ తిట్టుకుంటూ వాడుతున్నారు. పేజీ అలంకారాన్ని విషయం నుంచి విడదీసే సి.ఎస్.ఎస్. పద్ధతికి 1996లో మైక్రోసాఫ్ట్ తన మూడవ రూపంలో చోటిచ్చింది. పేజీ మొత్తం మళ్ళీ తెప్పించకుండా అవసరమైన ముక్క మాత్రమే తెప్పించే ఉపాయం కూడా మైక్రోసాఫ్ట్ వాళ్ళదే, 1999లో. మ్యాపును వేలితో జరిపితే పక్క ఊరు వచ్చేస్తుంది గదా, దానికి మూలం అది. న్యాయంగా చెప్పాలి, మైక్రోసాఫ్ట్ ఆ రోజుల్లో నిద్రపోలేదు.

వీటన్నిటిలో మాకు ఎక్కువ విలువైనదిగా తోచేది మరొకటి. అడ్రసు మొదట్లో హెచ్.టి.టి.పి.ఎస్. అని ఉంటుంది చూడండి, ఆ చివరి 'ఎస్' గురించి. మన మాట దారిలో ఎవరూ చదవకుండా తాళం వేసి పంపే విధానం అది. నెట్‌స్కేపులో ఈ పని నడిపించిన ముఖ్య శాస్త్రజ్ఞుడు తాహిర్ ఎల్‌గమాల్, ఈజిప్టులోని కైరోలో పుట్టినవాడు. నెట్‌స్కేప్ వాళ్ళు ఇది ధర్మకార్యంగా చేయలేదు. జనం తమ బ్రౌజరులో నమ్మకంగా కొనుగోళ్ళు చేస్తే తమకు గిరాకీ పెరుగుతుందని చేశారు. వ్యాపారి తన లాభం కోసం చేసిన పనే మన దుబాయి పిల్లలు పంపే డబ్బుకు ఈరోజు కాపలా కాస్తున్నది.

అయితే ఆ పోటీకి ఒక చెడ్డ ముఖం ఉంది. ఒకరు చేసిన కొత్త హంగు మరొకరి బ్రౌజరులో పనిచేసేది కాదు. పేజీల అడుగున "ఇది ఫలానా బ్రౌజరులోనే బాగుండును" అని బోర్డులు వెలిశాయి. రైలు పట్టాల వెడల్పు ఒక్కో కంపెనీ ఒక్కో తీరుగా వేస్తే ప్రయాణికుడికి మిగిలేది ప్రతి జంక్షనులో సామాను దించుకోవడమే. అందుకే పోటీ ఎంత అవసరమో, పట్టాల కొలత ఉమ్మడిగా ఉండడం అంత అవసరం. బెర్నర్స్-లీ 1994లో స్థాపించిన డబ్ల్యూ-త్రీ-సీ సంఘం ఆ కొలతలు రాసే చోటు.

పందెం ఎలా ముగిసింది? మంచి బండి చేసి గెలవడం ఒక ఎత్తు, బండిని ఇంటితోపాటే అంటగట్టడం మరొక ఎత్తు. మైక్రోసాఫ్ట్ తన బ్రౌజరును విండోస్‌తోనే కలిపి ఇచ్చింది. కంప్యూటరు కొన్నవాడికి అది ముందే కళ్ళెదుట ఉంటే వేరేది వెతుక్కునేదెవరు? 1997లో నాలుగవ రూపం విడుదల చేసిన రాత్రి మైక్రోసాఫ్ట్ ఉద్యోగులు పెద్ద 'ఈ' అక్షరం బొమ్మను తీసుకుపోయి నెట్‌స్కేప్ ఆఫీసు ముందు పచ్చిక మీద నిలబెట్టి వచ్చారు. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళ చేష్టలు! 1998 మే నెలలో అమెరికా ప్రభుత్వం, కొన్ని రాష్ట్రాలు కలిసి దావా వేశాయి. 2000లో జడ్జి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ కంపెనీని రెండుగా చీల్చమన్నాడు. 2001లో పై కోర్టు చీల్చడాన్ని కొట్టివేసింది గాని, గుత్తాధిపత్యాన్ని అక్రమంగా నిలుపుకున్నారన్న మాటను మాత్రం నిలబెట్టింది. అప్పటికి నెట్‌స్కేప్ పని అయిపోయింది.

గెలిచినవాడు ఏం చేశాడు? పడుకున్నాడు. 2001 ఆగస్టులో ఆరవ రూపం వచ్చింది. ఏడవది వచ్చింది 2006 అక్టోబరులో. లోకంలో నూటికి తొంభై మందికి పైగా వాడుతున్న వస్తువుకు ఐదేళ్ళపాటు కొత్త రూపమే లేదు. మా ఉద్దేశంలో ఈ మొత్తం కథలో పిల్లలు జ్ఞాపకం పెట్టుకోవలసిన భాగం ఇదే. అదే కంపెనీ, అదే ధనం, అవే తెలివితేటలు. లేనిదల్లా పక్కన పరుగెత్తేవాడు. దక్షిణ కొరియాలోనైతే బ్యాంకుల రక్షణ విధానాన్ని ఆ ఒక్క బ్రౌజరుకే కట్టేసుకున్నారు. తర్వాత లోకమంతా వేరే బండ్లు ఎక్కినా, బ్యాంకు పనికి మాత్రం ఏళ్ళ తరబడి దాన్నే తెరవవలసి వచ్చింది.

మన భాషల గతి కూడా ఇక్కడే చెప్పాలి. యూనికోడు వాడుకలోకి రాకముందు ఈనాడు, వార్త వంటి పత్రికలు తమ తమ సొంత ఫాంట్లతో వెబ్‌సైట్లు నడిపాయి. ఒకరి ఫాంటులో 'క' కూర్చున్న చోట మరొకరిది వేరే అక్షరం. ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే పిచ్చి గీతలు. ఫాంటును పేజీతోపాటే పంపే ఉపాయం 1997లోనే వచ్చింది గాని, మైక్రోసాఫ్ట్‌ది ఒక పద్ధతి, నెట్‌స్కేప్‌ది మరొకటి.

ఉర్దూ బాధ ఇంకా పెద్దది. అక్షరాలు కుడి నుంచి ఎడమకు నడవడం ఒక్కటే కాదు. మనకు అలవాటైన నస్తాలీఖ్ రాతలో మాట మొత్తం వాలుగా, ఒక అక్షరం మీది నుంచి మరొకటి జారుతున్నట్టుగా ఉంటుంది. అదే అక్షరం మాట మొదట ఒకలా, మధ్యలో ఒకలా, చివర ఒకలా. కాతిబ్ చేతికి అది అలవాటు, యంత్రానికి యమగండం. 1981లో పాకిస్తానులో అహ్మద్ మీర్జా జమీల్ అనే ఆయన మోనోటైప్ కంపెనీతో కలిసి నూరీ నస్తాలీఖ్ అని వేల కొద్దీ జోడు రూపాలు గీసి యంత్రానికి ఎక్కించేదాకా పత్రికలను చేత్తోనే రాసేవారు. బ్రౌజర్లు వచ్చాక కథ మళ్ళీ మొదటికి వచ్చింది. ఉర్దూ పత్రికలు పేజీని ఫోటోగా తీసి పెట్టేవి. చూడవచ్చు గాని వెతకడానికి లేదు, ఒక వాక్యం తీసుకుని పిల్లలకు ప్రశ్నపత్రంలో పెట్టడానికి లేదు. పోనీ అక్షరాలుగా పెడితే నస్ఖ్‌లో, అంటే అరబ్బీ తీరులో కనపడేది. మా పిల్లలు "సార్, ఇది ఉర్దూయేనా?" అని అడిగేవారు.

ఈ చిక్కు విడిపోయింది మళ్ళీ పోటీ వచ్చాకనే. నెట్‌స్కేప్ చనిపోతూ 1998 మార్చి 31న తన ప్రోగ్రామును ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు అని బయటపెట్టింది. దాన్నుంచి మొజిల్లా, ఆ మొజిల్లా నుంచి 2004 నవంబరు 9న ఫైర్‌ఫాక్స్. ఇది కంపెనీ సరుకు కాదు, చందాల పద్ధతిలో నడిచిన పని. సుమారు పదివేల మంది తలా కొంత వేసుకుని ఆ డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో రెండు పేజీల ప్రకటన వేయించారు, చందాదారుల పేర్లన్నీ చిన్న అక్షరాల్లో అచ్చువేసి. మన సంఘం రసీదు పుస్తకం గుర్తుకొస్తుంది గదా!

ఫైర్‌ఫాక్సులో ఒక సౌకర్యం ఉండేది. బయటివాళ్ళు కూడా దానికి చిన్న చిన్న తగిలింపులు రాసి అతికించవచ్చు. ఆ సౌకర్యంతోనే 2000 దశకం మధ్యలో 'పద్మ' అనే తగిలింపు వచ్చింది. ఈనాడు, వార్త వంటి పత్రికల సొంత ఫాంటు పేజీని తెరిస్తే అది అక్కడికక్కడే యూనికోడు తెలుగుగా మార్చి చూపేది. తెలుగు పాఠకుడి బాధ అమెరికాలోని ఏ కంపెనీ యజమానికీ పట్టదు. తలుపు తెరిచి ఉంటే బాధపడేవాడే లోపలికొచ్చి బాగుచేసుకుంటాడు. తర్వాత 2010లో మొజిల్లా, ఒపేరా, మైక్రోసాఫ్ట్ మూడూ పోటీదారులై ఉండి కూడా ఒకే ఫాంటు కొలతను డబ్ల్యూ-త్రీ-సీ ముందు పెట్టాయి. దాని పేరు వోఫ్. ఇప్పుడు ఉర్దూ పేజీ తన నస్తాలీఖ్‌ను తానే వెంట తెచ్చుకోగలదు. గూగుల్ వాళ్ళు నోటో నస్తాలీఖ్ ఉర్దూ అనే ఫాంటును ఉచితంగా ఇచ్చారు. మంచి ఎవరు చేసినా చెప్పాలి.

ఒపేరా అనే నార్వే బ్రౌజరును కూడా మరువరాదు. సంపాదన తక్కువ, బుద్ధి ఎక్కువ. 2006లో లోకమంతటికీ వచ్చిన ఒపేరా మినీ పేజీని ముందు తన సర్వరులో పిండి చిన్నది చేసి ఫోనుకు పంపేది. రెండువేల రూపాయల బటన్ల ఫోనులో, నత్తనడక నెట్టులో మనవాళ్ళు మొదటిసారి వెబ్ చూసింది చాలామంది దాంతోనే.

2008 సెప్టెంబరు 2న గూగుల్ క్రోమ్‌తో దిగింది. ఆ పని ముందుండి నడిపినవారిలో మద్రాసులో పెరిగిన సుందర్ పిచాయ్ ఒకరు. దాని గుండెకాయ మాత్రం గూగుల్ సొంతం కాదు. కె.డి.ఇ. అనే స్వచ్ఛంద బృందం రాసిన దాన్ని ఆపిల్ తీసుకుని వెబ్‌కిట్ చేసింది, దాన్ని గూగుల్ తీసుకుని 2013లో వేరుపడి బ్లింక్ అన్నది. గూగుల్ చేర్చినది వేగం, ఇంకా ఒక తెలివైన ఏర్పాటు. ఒక పేజీ చెడిపోతే మిగతావి పడిపోకుండా దేని గది దానికి కట్టింది. 2012లో అది ఎక్స్‌ప్లోరరును దాటిపోయింది. నిజాయితీగా గెలిచిన పందెం చాలావరకు. 'చాలావరకు' అని ఎందుకన్నామంటే, దారి చెప్పేవాడు తన గుమ్మంలో నిలబడి "నా బండి ఎక్కండి" అని ప్రతివాడికీ చెప్పడం కూడా అందులో ఉంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. లోకంలో వాడుక మూడింట రెండు వంతుల దరిదాపు క్రోమ్‌దే. మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ళ నడుపుతున్న మైక్రోసాఫ్ట్ 2018 డిసెంబరులో తన సొంత ఇంజను వదిలేసి గూగుల్ ఇంజనే ఎడ్జ్‌కు పెట్టుకుంటామని ప్రకటించింది. 2022 జూన్ 15న ఎక్స్‌ప్లోరరు కూడా మూతపడింది. ఒపేరా ముందే మారింది. మన ప్రభుత్వం 2023లో స్వదేశీ బ్రౌజరు కోసం పోటీ పెట్టి, 2025లో జోహో వారి 'ఉలా'కు మొదటి బహుమతి ఇచ్చింది. సంతోషమే, కాని దాని లోపలా ఇంజను గూగుల్ నుంచి వచ్చిందే. 2025లో కృత్రిమ మేధ కంపెనీలు తెచ్చిన కామెట్, అట్లాస్ కూడా అంతే. షేర్వాణీలు రంగురంగులవి, బట్ట ఒకే మిల్లుది. వేరే ఇంజన్లు నికరంగా రెండే, ఆపిల్ వెబ్‌కిట్, మొజిల్లా గెక్కో. ఆ మొజిల్లాకు కూడా ఆదాయంలో అధికభాగం గూగుల్ ఇచ్చే సొమ్మే. వెతుకులాటలో తననే ముందు పెట్టినందుకు ఆపిల్‌కు గూగుల్ 2022లో ఒక్క ఏడాది ఇచ్చినది 2000 కోట్ల డాలర్లు అని కోర్టులో బయటపడింది. గుజరాతులో పుట్టిన జడ్జి అమిత్ మెహతా 2024 ఆగస్టులో ఇది అక్రమ గుత్తాధిపత్యమని తీర్పిచ్చాడు. క్రోమ్‌ను అమ్మించమని ప్రభుత్వం అడిగితే 2025 సెప్టెంబరులో అంతదూరం పోనని, తాను తప్ప ఇంకెవరినీ పెట్టకూడదనే ఒప్పందాలు మాత్రం కుదరవని చెప్పాడు.

ఒకే ఇంజను ఉంటే నష్టమేమిటని మా కుర్రవాడొకడు అడిగాడు. 2018 ఫిబ్రవరిలో ఐఫోనుల్లో ఒక వింత జరిగింది. మన తెలుగు 'జ్ఞా' ఒక ప్రత్యేక కూర్పులో వస్తే ఆ అక్షరం చూపబోయిన ప్రోగ్రాము కుప్పకూలేది. అక్షరాలు గీసే పని ఆ ఫోనులో అందరికీ ఒకే చోట జరుగుతుంది కాబట్టి, బ్రౌజరు మార్చినా ప్రయోజనం లేకపోయింది. లోకమంతా నవ్వుకున్నది గనుక కొద్ది రోజుల్లోనే సరిచేశారు. ఎవరూ నవ్వని చిన్న దోషమైతే ఎన్నాళ్ళుండేదో! తెలుగువాళ్ళం కోట్లలో ఉన్నాం, మనకే ఇలాగుంటే చిన్న భాషల మాట చెప్పనక్కరలేదు.

ఇంకో సంగతి మా బడిది. కొన్నేళ్ళ కిందట మా విద్యార్థిని ఒకతె స్కాలర్‌షిప్పు ఫారం ఒక కార్యాలయం వెబ్‌సైటులో నింపింది. అన్నీ నిండాయి. చివర ఫోటో ఎక్కించే బటన్ నొక్కితే ఉలకదు పలకదు. అది ఆఖరు రోజు సాయంత్రం. ఫోను చేస్తే "మీ కంప్యూటరే మంచిది కాదు" అన్నారు. తెల్లవారి వేరే బ్రౌజరులో తెరిస్తే బటన్ పనిచేసింది, గడువు మాత్రం అయిపోయింది. ఆ వెబ్‌సైటు చేసినవాళ్ళు ఒకే బ్రౌజరులో చూసుకుని చేతులు దులుపుకున్నారన్నమాట. వాళ్ళ నాన్న మోటారు మెకానిక్కు. ఆ ఏడు ఇంటరు ఫీజు అప్పు చేసి కట్టాడు.

అందుచేత ఈ సభలో రెండు మాటలు అడగదలచాం. మన కుటుంబాల్లో హైదరాబాదులో, బెంగుళూరులో, గల్ఫులో సాఫ్ట్‌వేరు పని చేస్తున్న బిడ్డలు చాలామంది ఉన్నారు. నాయనా, మీరు ఏ ఆఫీసుకు పేజీ చేసి ఇచ్చినా క్రోమ్‌లో ఒకసారి, ఫైర్‌ఫాక్సులో ఒకసారి, సఫారీలో ఒకసారి తెరిచి చూసి ఇవ్వండి. ఒక గంట ఎక్కువ పడుతుంది, అంతే. రెండవది మన సంఘం వారికి. ఆఫీసు గదిలో పిల్లల కోసం పెట్టిన కంప్యూటర్లలో కనీసం రెండు వేరు వేరు ఇంజన్ల బ్రౌజర్లు ఉంచండి. ఖర్చేమీ లేదు, రెండూ ఉచితం. ఫైర్‌ఫాక్సు మెనూలు తెలుగులోనూ ఉర్దూలోనూ మార్చుకోవచ్చు.

మా లాప్‌టాప్ వెంట తెచ్చాం. భోజనాలయ్యాక ఆ పక్క గదిలో ఒకే ఉర్దూ పేజీని రెండు బ్రౌజర్లలో పక్కపక్కన తెరిచి చూపిస్తాం. ముందు పిల్లలు రండి, తర్వాత పెద్దలు. ఇక సెలవు. ఖుదా హాఫిజ్.